తిమింగలానికి మొక్కలు నాటే పండుగ

పిల్లలూ! సముద్రంలో ఒక జంతువు ఆకలితో అలమటిస్తున్నదని తెలిస్తే మీరేం చేస్తారు? పడవలో వెళ్ళి ఇంత ఆహారం పడేస్తామంటారు. కాని అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం వాళ్ళు గునపాలూ పారలూ పట్టుకుని, సముద్రానికి ఎంతో ఎగువన ఉన్న చిన్న చిన్న వాగుల గట్లకు వెళ్ళి మొక్కలు నాటుతారు! ఇదేం వింత అనుకుంటున్నారు గదూ? ఆ సంగతే చెబుతాను, వినండి.

అమెరికాకు పడమటి కొసన, కెనడా సరిహద్దు దగ్గర, సేలిష్ సముద్రం ఉన్నది. దానిలోకి ఓర్కాలు వస్తూ పోతూ ఉంటాయి. ఓర్కాను హంతక తిమింగలమని కూడా అంటారు గాని, నిజానికి అది డాల్ఫిన్ కుటుంబానికి చెందినది, వాటన్నిటిలోకీ పెద్దది. వీపు నల్లగా నిగనిగలాడుతూ, పొట్ట తెల్లగా, కంటి వెనక తెల్లని మచ్చతో ఉంటుంది. ప్రపంచంలో ఓర్కాలు చాలా చోట్ల ఉన్నవి. కాని ఈ సముద్రానికి అలవాటుపడినవి వేరే ఒక బంధువర్గం. వాటిని "దక్షిణ నివాసి" ఓర్కాలంటారు. అవి మూడు మందలు. మన ఇళ్ళలో అమ్మమ్మ మాట సాగినట్టే, చేపలు కరువైన ఏడు మందకు దారి చూపేది ముసలి ఆడ ఓర్కాయే. పిల్లలు ఎంత పెద్దవైనా తల్లిని విడిచిపోవు. దొరికిన చేపను తునకలు చేసి పంచుకుంటాయి.

ఇంత అన్యోన్యంగా ఉండే కుటుంబానికి పెద్ద కష్టమే వచ్చిపడింది. 1960, 1970 దశకాలలో మనుషులు వినోదశాలల్లో ఆడించటానికి వీటి పిల్లలను వలలు వేసి పట్టుకుపోయారు. ఆ పని ఆగిపోయాక సంఖ్య కాస్త పెరిగి 1995లో 98 అయింది. తిరిగి తగ్గిపోయి, 2024 జూలైలో లెక్క చూస్తే 73 మాత్రమే ఉన్నవి. అమెరికా ప్రభుత్వం 2005లోనే వీటిని అంతరించిపోయే ప్రమాదమున్న జీవులుగా ప్రకటించింది.

2018 వేసవిలో తహ్లెక్వా అనే తల్లి ఓర్కాకు ఒక పిల్ల పుట్టి, కొద్దిసేపటికే చనిపోయింది. తల్లి దాన్ని వదలలేదు. తలమీద మోసుకుంటూ, జారిపోతే మునిగి మళ్ళీ ఎత్తుకుంటూ, 17 రోజులు సముద్రంలో తిరిగింది. అది చూసి ప్రపంచమంతా కంటతడి పెట్టింది. "మనమేం చెయ్యగలం?" అని ఎందరో అడగసాగారు.

ఓడల రొద, నీటిలో కలిసిన విషాలు ఈ ఓర్కాలను బాధిస్తున్నవి. వీటితోపాటు ఆకలి కూడా ఉన్నది. వేరే ఓర్కాలు సీళ్ళను వేటాడి తింటాయి. వీటికి చేపలే ఆహారం. అందులోనూ చినూక్ సాల్మన్ అనే పెద్ద చేపంటే ప్రాణం. వేసవిలో ఇవి తినేదాంట్లో ఐదింట నాలుగు వంతులు అదే! ఆ చినూక్ కూడా నానాటికీ తగ్గిపోతున్నది.

ఎందుకు తగ్గింది? సాల్మన్ పుట్టేది సముద్రంలో కాదు, ఏట్లో. వరదల కాలంలో సముద్రంనుంచి గోదావరికి ఎదురీది వచ్చే పులసను మీలో కొందరు ఎరుగుదురు. సాల్మన్ కూడా అంతే. తాను పుట్టిన నీటి వాసన పట్టుకుని, సముద్రంనుంచి ఏరెక్కి వచ్చి, కంకరలో గుంట చేసి గుడ్లు పెడుతుంది. చినూక్ ఆ తరవాత బతకదు. ఆ గుడ్లు పిల్లలు కావాలంటే నీరు చల్లగా, తేటగా ఉండాలి. గట్టుమీద చెట్లు కొట్టేస్తే నీరు వేడెక్కుతుంది, మట్టి కొట్టుకువచ్చి గుడ్లను కప్పేస్తుంది. అడ్డంగా ఆనకట్ట ఉంటే చేప తన చోటికి చేరలేదు.

ఇప్పుడు తెలిసిందా మొక్కల రహస్యం? గట్టున మొక్క పెరిగితే వాగుకు నీడ, నీడ ఉంటే సాల్మన్ పిల్ల, సాల్మన్ ఉంటే ఓర్కాకు తిండి!

అక్కడ ఏటా జూన్‌ను ఓర్కా మాసంగా జరుపుతారు. అక్టోబరులో ఓర్కాలు కోలుకోవాలని ఒక రోజు కేటాయించారు. ఆ రోజున పిల్లా పెద్దా కలిసి ముళ్ళపొదలు పీకి మొక్కలు నాటుతారు, చెత్త ఏరుతారు. కొందరు వానతోటలు తవ్వుతారు. వానతోట అంటే, రోడ్డుమీది వాననీరు తిన్నగా వాగులో పడకుండా మట్టిలో ఇంకిపోయేలా చేసే పల్లపు తోట. కారు టైర్లు అరిగి రాలే పొడిలోనుంచి వచ్చే ఒక విషం కోహో అనే మరో రకం సాల్మన్‌ను చంపుతున్నదని 2020లో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఆ నీటిని మట్టిలో వడకడితే చేపలు బతుకుతున్నవి. కొన్ని బళ్ళలో పిల్లలు చల్లటి నీటి తొట్టెలో సాల్మన్ గుడ్లు పొదిగించి, పిల్లలయ్యాక దగ్గరి వాగులో వదిలిపెడతారు.

ఈ శ్రమకు ఫలితముంటుందా అని మీరడగవచ్చు. అదే రాష్ట్రంలో ఎల్వా నదికి రెండు ఆనకట్టలుండేవి. ఆ నదినే నమ్ముకున్న క్లాలమ్ తెగవారు ఎన్నో ఏళ్ళు పోరాడగా, 2011-2014 మధ్య రెంటినీ తొలగించారు. సాల్మన్ మళ్ళీ ఎగువకు ఈదాయి. 2023లో ఆ తెగవారు తమ నదిలో తిరిగి సాల్మన్ పట్టుకున్నారు.

అయినా తొందరపడితే లాభం లేదు. ఇవాళ నాటిన మొక్క వాగుకు నీడ పట్టటానికి ఏళ్ళు పడుతుంది. నాటిన పిల్లవాడు అప్పటికి పెద్దవాడవుతాడు. అప్పటిదాకా ఓర్కాలు నిలుస్తాయో లేదో ఎవరూ చెప్పలేరు. అయినా వాళ్ళు ఏటా గునపాలు పట్టుకుని వస్తూనే ఉన్నారు.

సరే, మీకొక పని. మీ వీధిలో పారే వాననీరు ఏ కాలవలో పడుతుంది? ఆ కాలవ ఏ చెరువులోకో ఏ ఏట్లోకో పోతుంది? దారిలో ఎవరెవరు ఆ నీటిని నమ్ముకుని బతుకుతున్నారు? పెద్దలను అడిగి, ఆ దారి కాగితంమీద గీసి చూడండి. అది ఎంత దూరం పోతుందో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది.