సూద్ అనే మాటలో సత్యం

నామినేషన్ల ఉపసంహరణ గడువు దగ్గరపడితే మన పత్రికలకు ఒక మాట లేనిదే పూట గడవదు: బుజ్జగింపు. టికెట్ దక్కని నాయకుడి ఇంటికి పార్టీ పెద్దలు వెళ్తారు. కార్పొరేషన్ చైర్మన్ పదవో, వచ్చేసారి ఎమ్మెల్సీయో అంటారు. మర్నాడు ఫొటోలో అందరూ నవ్వుతూ కనిపిస్తారు. ఓటు యంత్రాలు మా ఏ.ఎస్. రావు నగర్ పక్కనే, ఈసీఐఎల్‌లో తయారవుతాయి. 1967లో ఆ సంస్థకు ప్రాణం పోసిన అయ్యగారి సాంబశివరావు గారి పేరే ఈ కాలనీకి పెట్టారు. ఆ యంత్రంలో నొక్కిన ప్రతి మీటకూ లెక్క ఉంటుంది. బుజ్జగించేటప్పుడు ఇచ్చిన మాటకు మాత్రం ఏ లెక్కా ఉండదు.

తెలుగులో ఈ పనికి మాటలు బోలెడు. ఓదార్చడం వేరు, సముదాయించడం వేరు, అనునయించడం వేరు. బుజ్జగించడంలో ఎదుటివాణ్ణి పసివాడి కింద జమకట్టడం ఉంది. యాభై ఏళ్ల నాయకుణ్ణి బుజ్జగించారని రాస్తే ఆయనకు చిన్నతనంగా అనిపించాలి. ఎవరికీ అనిపించినట్టు లేదు.

ఇంగ్లిష్‌లోనూ ఇలాంటి క్రియాపదాలు చాలానే ఉన్నాయి. వాటిలో కథ ఉన్నది 'సూద్'. చంటిపిల్లల క్రీముల మీదా, గొంతునొప్పి బిళ్లల మీదా కనిపించే మాటే. పాత ఇంగ్లిష్‌లో 'సోత్' అంటే నిజం. దాని నుంచి పుట్టిన క్రియకు మొదట్లో నిజమని రుజువు చేయడం అనే అర్థం. మార్చి 15న జాగ్రత్త అని జూలియస్ సీజర్‌ను హెచ్చరించిన జోస్యుణ్ణి షేక్‌స్పియర్ నాటకంలో 'సూత్‌సేయర్' అంటారు, అంటే నిజం పలికేవాడు. మన సత్యానికీ ఈ మాటకూ చుట్టరికం ఉంది. రెండూ 'ఉండు' అనే అర్థమున్న ఒకే ప్రాచీన ధాతువు నుంచి వచ్చాయని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు. ఉన్నదేదో అదే సత్, అదే సోత్.

పదహారో శతాబ్దానికి ఆ క్రియ దారి మళ్లింది. ఎదుటివాడు ఏమన్నా 'నిజమే, నిజమే' అని తలాడించడం దాని అర్థమైంది. అక్కణ్ణుంచి ముఖస్తుతిలోకి జారింది. పదిహేడో శతాబ్దం చివరికల్లా శాంతింపజేయడం అనే అర్థం వచ్చింది, నిజం రాలిపోయింది. దర్బారూ, వందిమాగధులూ ఉన్నచోట మాటలకు ఈ గతి పట్టడంలో వింతేముంది!

'పాసిఫై' సంగతి ఇంకోలా ఉంటుంది. లాటిన్‌లో అది శాంతిని కలిగించడం. అమెరికాలో మనవళ్లను చూసుకోవడానికి వెళ్లొచ్చిన మా కాలనీ అమ్మమ్మలకు 'పాసిఫయర్' అంటే బాగా తెలుసు. పాపాయి నోట్లో పెట్టే రబ్బరు పీక. ఏడుపు ఆగుతుంది, పాలు మాత్రం రావు.

ఆ పీకను మన రాష్ట్ర చరిత్ర చాలాసార్లు చూసింది. 1956 ఫిబ్రవరిలో ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. తెలంగాణ ఉద్యోగాలకూ, మిగులు నిధులకూ రక్షణ ఉంటుందన్నారు. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. పదమూడేళ్లు తిరక్కుండానే తెలంగాణ పిల్లలు రోడ్డెక్కారు, కాల్పుల్లో యువకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1969 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ అష్టసూత్ర పథకం ప్రకటించారు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో ప్రత్యేక రాష్ట్రం కోరిన తెలంగాణ ప్రజా సమితి తెలంగాణలోని పద్నాలుగు సీట్లలో పది గెలిచింది. అదే ఏడు పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది, ముఖ్యమంత్రి మారారు. జనం అడిగింది వేరు, నాయకులకు దక్కింది వేరు. తెలంగాణ ఉద్యోగాలు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చేసరికి అవతలి వైపు, ఆంధ్రలో, నిప్పు రాజుకుంది. నవంబరులో అయిదు సూత్రాలు వచ్చాయి, జై ఆంధ్ర ఉద్యమం ఆగలేదు. 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాలు. ఎనిమిది, అయిదు, ఆరు: సూత్రాల లెక్క మారుతూ వచ్చింది, ఫిర్యాదు అక్కడే ఉంది.

అన్నీ ఉత్త పీకలే అంటే అన్యాయం. ఆరు సూత్రాల్లో ఒకటి హైదరాబాద్‌లో కేంద్రీయ విశ్వవిద్యాలయం. 1974లో వచ్చింది, ఇవాళ గచ్చిబౌలిలో వేలమంది చదువుకుంటున్నారు. రాజ్యాంగంలో 371డి అధికరణం కూడా ఆ పథకం పుణ్యమే. చట్టంలోకీ, ఇటుకలోకీ ఎక్కిన సూత్రాలు నిలిచాయి.

అసలు ముచ్చట 1985 డిసెంబరు 30న వచ్చిన 610 జీవోది. తెలంగాణ ఉద్యోగాల్లో స్థానికేతరులను నిబంధనలకు విరుద్ధంగా నియమించారన్న ఫిర్యాదును ప్రభుత్వం అందులో తోసిపుచ్చలేదు. వాళ్లను 1986 మార్చి 31లోగా సొంత జోన్లకు పంపాలని ఆదేశించింది. నా దృష్టిలో అది పాత అర్థంలో 'సూద్' చేయడం: ముందు మీరన్నది నిజమే అని ఒప్పుకోవడం. కానీ గడువు దాటింది, ఏళ్లూ దాటాయి. ఆ జీవో ఎంతవరకు అమలైందో చూడమని 2001లో గిర్‌గ్లానీ కమిషన్‌ను వేయాల్సి వచ్చింది. ఒప్పుకుని ఊరుకుంటే కోపం రెట్టింపవుతుంది. అంతకుముందు అనుమానంగా ఉన్నది అప్పుడు రుజువై చేతికొస్తుంది.

భారతంలో సంజయ రాయబారం ఇంతకన్నా నిక్కచ్చిగా ఉంటుంది. ధృతరాష్ట్రుడు సంజయుడి చేత తీపి మాటలు పంపాడు, రాజ్యంలో వాటా గురించి మాత్రం ఏమీ పంపలేదు. ధర్మరాజు ఆ మాటలు మర్యాదగా విన్నాడు. విని చివరికి అయిదూళ్లయినా ఇమ్మన్నాడు. శాంతంగా ఉన్నవాడికి లెక్క తెలియదనుకోవడం హస్తినాపురం పొరపాటు, ఢిల్లీదీ అదే.

1956లో మొదలైన బుజ్జగింపులు తెలంగాణ రాష్ట్రం వచ్చిన 2014 జూన్ 2 వరకు సాగాయి. ఈలోపు రాష్ట్ర విభజన సంగతి తేల్చమని 2010 ఫిబ్రవరిలో శ్రీకృష్ణ కమిటీని వేశారు, అది ఆరు ప్రత్యామ్నాయాలతో నివేదిక ఇచ్చింది. మళ్లీ ఆరే!

రాష్ట్రం వచ్చాక కూడా సముదాయించేవాళ్లు తగ్గలేదు. నిరుద్యోగులను, రైతులను, నీళ్లు రాని కాలనీలను ఎవరో ఒకరు సముదాయిస్తూనే ఉన్నారు. ఈసారి మీ గడప తొక్కి 'కొంచెం ఓపిక పట్టండి' అన్నవారికి మంచినీళ్లివ్వండి. మీ ఫిర్యాదు నిజమేనని, ఏ తేదీలోగా తీరుస్తారో కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. పెట్టకపోతే పంపించేయండి.