సూరత్ బస్తీకి బంతి చేరేదెన్నడు?

2030 కామన్వెల్త్ క్రీడలకు అహ్మదాబాద్ ఆతిథ్యం ఖరారైంది. 2036 ఒలింపిక్స్‌పైనా పాలకులు ఆశ పెట్టుకున్నారు. ఆ ఆశయానికి అసలు పరీక్ష మహా స్టేడియాల్లో కాదు, సూరత్ వంటి కార్మిక నగరంలో వారాంతాన పిల్లలు ఆడే మైదానంలోనే.

తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు లింబాయత్ ప్రాంతంలో దశాబ్దాలుగా నివసిస్తున్నాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలూ నడుపుతోంది. అయితే మరమగ్గాల వద్ద 12 గంటల షిఫ్టు చేసే తండ్రికి కొడుకును ఆటకు తీసుకెళ్లే తీరిక ఎక్కడిది? 2022 జాతీయ క్రీడల్లో టేబుల్ టెన్నిస్, బ్యాడ్మింటన్ సూరత్‌లో జరిగాయి. రగ్బీ అహ్మదాబాద్‌కు వెళ్లింది.

రగ్బీ సంపన్నుల క్రీడ అన్న వాదన నిలవదు. 2007లో భువనేశ్వర్‌లోని కళింగ సామాజిక శాస్త్రాల సంస్థకు చెందిన గిరిజన బాలురు లండన్‌లో అండర్-14 అంతర్జాతీయ పాఠశాలల రగ్బీ టోర్నీని గెలిచారు. వారికి చదువు, భోజనం, వసతి, శిక్షణ ఒక్కచోటే లభించాయి. ప్రతిభకు తోడైన ఆ ఏర్పాటే వారిని లండన్ చేర్చింది.

రాజ్యాంగం క్రీడలను రాష్ట్ర జాబితాలో ఉంచింది. కనుక బాధ్యత ప్రధానంగా గాంధీనగర్‌దే. శని, ఆదివారాల్లో పురపాలక పాఠశాలల ఆటస్థలాలను బస్తీ పిల్లలకు తెరవాలి. శిక్షకుడిని నియమించి, పూట భోజనం పెట్టాలి. స్టేడియాల వ్యయంతో పోలిస్తే ఇది స్వల్పం. ఆ పాటి చేయలేని ప్రభుత్వానికి ఒలింపిక్స్ ఊసెత్తే నైతికార్హత ఉండదు.