గని కార్మికుడి ఛాతీకి ఎక్స్‌రే ఉంది, నిద్రకు లెక్క లేదు

మా వీధిలో ఒక భాయ్ చాలా ఏళ్లు గ్రానైట్ క్వారీలో జాక్‌హామర్ పట్టాడు. ఇప్పుడు యాభై దాటింది. దగ్గుకు, చెవి వినపడకపోవడానికి డాక్టర్ మందులు రాశాడు. భాభీ చెప్పే బాధ వేరే. "రేత్రి నిద్ర పట్టదు. పొద్దున చెప్పింది మధ్యాన్నానికి మరిచిపోతాడు. పిల్లోళ్లు గట్టిగా నవ్వినా కోపమే" అంటుంది. ఇంట్లోవాళ్లు మొదట నజర్ అనుకుని దర్గాకు తీసుకెళ్లారు. ఆయన చేసిన పనికీ దీనికీ ఏమన్నా సంబంధం ఉందా అని ఎవరూ అడగలేదు. ఉందని నేను కూడా తేల్చి చెప్పలేను. ఆ ప్రశ్న అడిగే ఏర్పాటు మన చట్టాల్లో ఎక్కడుందో మాత్రం వెతికాను.

2025 నవంబర్ 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. నలభై దాటిన కార్మికులకు ఏడాదికోసారి ఉచిత ఆరోగ్య పరీక్ష అని కేంద్రం చెబుతోంది. మంచిదే. కానీ భద్రత, ఆరోగ్యం కోడ్‌లో ఉన్న వృత్తి వ్యాధుల జాబితా చూడండి. సిలికోసిస్ ఉంది, బొగ్గు దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు ఉంది, శబ్దంతో వచ్చే చెవుడు ఉంది. డిప్రెషన్ లేదు, ప్రమాదం చూసినవాడిని వెంటాడే భయం లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లోనే తన వృత్తి వ్యాధుల జాబితాలో మానసిక సమస్యలను చేర్చింది.

దీని అసలు రూపం చూడాలంటే మన జిల్లా దాటి గోదావరి లోయకు, సింగరేణికి పోవాలి. సుమారు 40 వేల మంది ఉద్యోగులున్న కంపెనీ అది. బొగ్గులో ఎక్కువ భాగం ఇప్పుడు ఓపెన్‌కాస్ట్ నుంచే వస్తున్నా, భూగర్భ గనుల్లో దిగేవాళ్లు ఇంకా వేలల్లో ఉన్నారు. లోపల ఉక్కపోత. తడి బల్బు ఉష్ణోగ్రత 33.5 డిగ్రీలు దాటకూడదని నిబంధన ఉందంటేనే అక్కడి గాలి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. చీకటి, యంత్రాల మోత, పైకప్పు మీద ఒక కన్ను. దానికి తోడు మూడు షిఫ్టులు. ఒక వారం పగలు, ఇంకో వారం రాత్రి. పగటిపూట క్వార్టర్స్‌లో మనిషి నిద్రపోవాలంటే కుక్కర్ విజిల్ కూడా ఆపాలి, పిల్లలు బయట ఆడుకోవాలి. అంటే షిఫ్ట్ ఆయనొక్కడిది కాదు, ఇల్లంతటిదీ.

షిఫ్టులు మారుతూ పనిచేయడం మెదడును ఏం చేస్తుంది? ఫ్రాన్స్‌లో మూడు వేల మందికి పైగా కార్మికులను ఏళ్ల తరబడి గమనించి 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. పదేళ్లకు మించి షిఫ్టులు మారుతూ పనిచేసినవాళ్ల ఆలోచన శక్తి, జ్ఞాపకశక్తి దాదాపు ఆరున్నరేళ్ల వయసు పైబడినంతగా తగ్గాయట. షిఫ్టులు మానేశాక కోలుకోవడానికి కనీసం అయిదేళ్లు పట్టింది. వాళ్లు గని కార్మికులు కాదు, షిఫ్టే కారణమని ఆ అధ్యయనం నిరూపించనూ లేదు. అయినా బొగ్గు పొరల మధ్య ఒక్క క్షణం పరాకు ఎంత ఖరీదో తెలిసినవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోలేరు.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు చొరబడి 17 మంది చనిపోయారు. 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు పోయారు, కొందరిని గంటల తర్వాత ప్రాణాలతో తీశారు. చనిపోయినవాళ్ల కుటుంబాలకు పరిహారం గురించి రాశాం, రాయాలి కూడా. బతికి బయటపడ్డవాడు మళ్లీ దిగాల్సివస్తే ఆ రోజు వాడి గుండె ఎలా కొట్టుకుంటుందో మా పత్రికలవాళ్లం ఎప్పుడూ అడగం.

గని కార్మికుడికి అయిదేళ్లు దాటకుండా ఒకసారి వైద్య పరీక్ష చేయాలన్నది పాత నిబంధనే. ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష, చెవి, కన్ను. చివర ఒకటే మాట: ఫిట్ లేదా అన్‌ఫిట్. సింగరేణిలో మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అంటే కారుణ్య నియామకం కింద కొడుక్కో కూతురికో ఉద్యోగం వచ్చే అవకాశం ఉంది. అది మంచి పథకమే, కుటుంబాలను నిలబెట్టింది. అయితే నిద్ర లేక, మతిమరుపుతో తిరిగేవాడు ఈ రెండు మాటల్లో దేంట్లోకి వస్తాడు? కొన్నాళ్లు నైట్ షిఫ్ట్ తప్పించి చికిత్స చేయిస్తే సరిపోయేవాడు నోరు విప్పితే ఉద్యోగానికే ఎసరు వస్తుందని భయపడతాడు. ఆ భయాన్ని తప్పు పట్టలేం.

నేను చదివింది బీకాం, కాబట్టి లెక్కల్లోనే చెబుతాను. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1923 నాటి పరిహార చట్టం పట్టికలో బొటనవేలు పోతే 30 శాతం సంపాదన శక్తి పోయినట్టు, ఒక కన్ను పోతే 40 శాతం. లెక్క రాసి ఉంది కాబట్టి యజమాని వేలు గురించి జాగ్రత్త పడతాడు. నిద్రకు, జ్ఞాపకశక్తికి ఆ పట్టికలో వరుసే లేదు. ఖర్చు పుస్తకంలో కనపడనిదాని మీద ఏ మేనేజరూ డబ్బు పెట్టడు.

సింగరేణిలో కనీసం యూనియన్లున్నాయి, సొంత ఆస్పత్రులున్నాయి. చిత్తూరు, కుప్పం వైపు క్వారీల్లో కాంట్రాక్టర్ కింద పనిచేసే మనవాళ్లకు హాజరు పుస్తకం ఉంటే గొప్ప. గుడుపల్లె మండలం చిగరగుంట బంగారు గని 2001లో కేజీఎఫ్‌తోపాటే ఆగిపోయింది, ఇప్పుడు ఆ బ్లాకు ఎన్ఎండీసీ చేతికి వచ్చింది. ఉద్యోగాలు స్థానికులకు ఎన్నిస్తారని నాయకులు అడుగుతారు. షిఫ్టులు ఎలా మారుస్తారు, ఏటా చేసే పరీక్షలో నిద్ర, మనసు గురించి నాలుగు ప్రశ్నలు ఉంటాయా, బాగోలేదని చెప్పినవాడికి జీతం తగ్గకుండా తేలిక పని ఇస్తారా అని కూడా అడగాలి. గని తెరవకముందు అడిగితేనే ఒప్పందంలో రాయించుకోవచ్చు.

అంతవరకు ఇంట్లో ఎవరికైనా ఇలా ఉంటే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. తిరుపతి రుయా ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. దర్గాకు వెళ్లేవాళ్లు వెళ్లండి, డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లండి. వెళ్లినప్పుడు ఆయన ఏం పని చేశాడో, ఎన్నేళ్లు చేశాడో, రాత్రిపూట ఎన్నిరోజులు చేశాడో తప్పకుండా చెప్పండి. మా భాభీకి అదే చెప్పాను. వచ్చే సోమవారం తీసుకెళ్తానంది.