ఆముదం పొగ, ఆదివారం పార్కింగు

ఇంజను మోడల్ కార్ల రేసులంటే మనవాళ్ళలో చాలామంది "పిల్లలాటలేగా" అని కొట్టిపారేస్తారు. 1930ల్లో అమెరికాలో ఈ సరదా మొదలైనప్పుడు వీటికి రిమోట్ కూడా లేదు. మధ్యలో ఓ స్తంభం పాతి, దానికి తీగతో కారుని కట్టి వదిలితే గానుగెద్దులా చుట్టూ తిరిగేది. పది సీసీ ఇంజనున్న ఆ గానుగెద్దు ఇవాళ గంటకి 300 కిలోమీటర్లు దాటుతోంది!

రిమోట్ కార్లు ఆ తర్వాతి తరం. ఇంజను మాత్రం అదే బాపతు. 1947లో రే ఆర్డెన్ అనే ఆయన గ్లో ప్లగ్ని జనంలోకి తెచ్చాక బుల్లి కార్లకి కాయిలు, బ్యాటరీ మోసే బాధ తప్పింది. స్టార్ట్ చేసేటప్పుడు ప్లగ్గుకి కాస్త కరెంటిస్తే చాలు, తర్వాత మెథనాల్ ఆవిరి తగిలి అందులోని ప్లాటినం తీగ తనంతట తనే ఎర్రగా కాలుతూ ఉంటుంది. ఇంధనం మెథనాల్, నైట్రోమీథేన్, నూనె. ఆ నూనె ఏదో కాదండీ, పాతకాలం నుంచీ మన ఆముదమే! పొగ వాసనకి నాకు రేసు కన్నా ముందు అమ్మమ్మ గుర్తొస్తుంది :-)

"బ్యాటరీ కార్లున్నాయిగా, ఈ కంపు దేనికి?" అంటాడు మా టీంలో కుర్రాడు. వేగంలో వాడిదే రైటు. 2023లో హుసేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈలో అసలు కార్లే కరెంటుతో పరిగెత్తాయి. కానీ ఇక్కడ లాగ్ ఫైలుండదు. కార్బురేటర్ సూదిని అరపావు తిప్పి చెవితో వినాలి. ఎక్కువ బిగిస్తే ఇంధనంతో పాటు అందులోని నూనే తగ్గుతుంది, కాసేపు బ్రహ్మాండంగా పరిగెత్తి పిస్టన్ అరిగిపోతుంది. వదులు చేస్తే పొగలు కక్కుతూ ఈడుస్తుంది. రోజంతా తెర చూసే మనకి ఇది కావాలనే నా వాదన.

చిక్కల్లా చోటుతోనే. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు చుట్టూ రాళ్ళూ రప్పలూ, ఖాళీ నేలా. ఇప్పుడు మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా అద్దాల మేడలే. అపార్టుమెంటులో నడపొద్దన్న పొరుగువాళ్ళ మాట న్యాయమే. చప్పుడు సరే, మెథనాల్ మంట పట్టపగలు కంటికి సరిగా కనబడదు కూడా.

మరి ఆఫీసు పార్కింగులో? ఆదివారం ఎకరాలకెకరాలు ఖాళీ, చుట్టూ ప్రహరీ, గేటు దగ్గర సెక్యూరిటీ. క్రికెట్ టోర్నమెంటుకి జెర్సీలు కుట్టించే కంపెనీలు నెలకో ఆదివారం రెండు గంటలు ఓ మూల ఇవ్వలేవా? నేనడిగిన చోట "పాలసీలో లేదండీ" అన్నారు. పాలసీ రాసేదీ మనలాంటివాళ్ళేగా! మీ ఫెసిలిటీస్ వాళ్ళతో మీకు చనువుంటే ఓసారి కదిపి చూడండి. సైలెన్సర్లు, మంటలార్పే సిలిండరు మేమే తెచ్చుకుంటాం, కారిన నూనె మేమే తుడుచుకుంటాం.