హచ్ కుక్క ఉద్దానమునకు తగునా?

పలాస, టెక్కలి పట్టణములందు నేడు కొందఱి యిండ్ల ముంగిట నొక చిన్న కుక్క కనబడుచున్నది. లేత గోధుమవన్నె మేను, నల్లని మొగము, నుదుట ముడుతలు, చుట్టచుట్టుకొనిన తోక, బయటి కుబికిన పెద్ద కన్నులు. దాని జాతి పేరు పగ్. మనవారు మాత్రము దానిని హచ్ కుక్క యందురు. 2003వ సంవత్సరమున హచ్ అను టెలిఫోను కంపెనీవారు, ఒక బాలుడు ఎక్కడికి పోయిన నక్కడికి వెంటబోవు పగ్ కుక్కను తమ ప్రకటనలో జూపిరి. 2007లో ఆ కంపెనీ పేరు మాఱి వొడాఫోన్ అయ్యెను. కుక్కకు మాత్రము పాతపేరే నిలిచినది. వ్యాపారి తన పేరు మార్చుకొనవచ్చును గాని, జనుల నోటినుండి దానిని తీయలేడు గదా!

మా విద్యార్థులలో కొందఱు అట్టి కుక్కను కొనిపెట్టుమని యింట మారాము చేయుచున్నారని తల్లిదండ్రుల వలన వినుచున్నాము. వారు మమ్ము సలహా యడిగినప్పుడు మేము చెప్పు మాట యొక్కటే: ఉద్దానములో పగ్ కుక్కను క్రొత్తగా కొనవలదు. ఈ మాట బాలురకు రుచింపదని యెఱుగుదుము. కావున కారణము చెప్పవలసియున్నది.

మొదట దాని మంచితనమును ఒప్పుకొనుట న్యాయము. పిల్లలు ఒడిలో నెత్తుకొని తిరిగినను, చెవులు లాగినను అది సామాన్యముగా కోపింపదు. ఎనిమిది కిలోలకు లోపడిన దేహము గనుక రెండు గదుల యింటను ఇముడును. మొఱుగుట తక్కువ. ఒంటరితనమును సహింపదు, ఇంటివారు ఏ గదిలోనికి పోయిన నా గదికి వచ్చి కాళ్లకడ పరుండును. పూర్వము చైనా రాజకుటుంబములలో ఒడికుక్కగా పెరిగిన జాతి యిది. మనుష్యులకు తోడుగా నుండుటయే దాని వృత్తి. దాని గుణమునందు మా కేమియు ఆక్షేపణ లేదు. ఆక్షేపణ యంతయు దాని ముక్కును గుఱించియే.

మనకు ఒడలంతట చెమట పట్టి యారునప్పుడు వేడి తగ్గును. కుక్కకు అట్లు కాదు. దానికి చెమట పాదముల అడుగున స్వల్పముగా మాత్రమే పట్టును. కావున నాలుక చాచి రొప్పును. అప్పుడు నాలుకమీదను, పొడుగైన ముక్కు లోపలి పొరలమీదను గాలి ప్రసరించి, తడి యారి, నెత్తురు చల్లబడును. పగ్ కుక్కకు మూతి యున్నట్లే లేదు. ముక్కురంధ్రములు సన్నని చీలికలు. మెత్తని అంగిలి ఆ పొట్టి మొగములో నిముడక గొంతుక కడ్డుపడును. అందుచే నది నిదురలో గుఱక పెట్టును. ఆ గుఱకను విని యింటిల్లిపాదియు నవ్వుదురు. అది ముద్దుచేష్ట కాదు. ఊపిరికొఱకు పడు పాటు.

వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి ప్రాంతములలో వేసవి ఉక్క యెట్టిదో ఇక్కడివారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. సముద్రపు గాలిలో తేమ మెండు. ఆ గాలిలో ఉతికిన బట్టయే త్వరగా ఆరదు; కుక్క నాలుకమీది తడి యెట్లారును? రొప్పినకొలది దాని ఒడలు మఱింత వేడెక్కును, గొంతుక వాచును, ఊపిరి యింకను తగ్గును. కాశీబుగ్గలో ఒక మిత్రుని యింట మే నెల మిట్టమధ్యాహ్నమున విద్యుత్తు పోయినప్పుడు అట్టి కుక్క నాలుక నీలివన్నె తిరుగుట మేము కన్నులార చూచితిమి. నీళ్లు పోసి, విసనకఱ్ఱలతో విసరి విసరి దాని ప్రాణము నిలిపిరి. ఆ యింటి చిన్నబిడ్డ ఆ పూట అన్నము ముట్టలేదు.

చల్లని గదిలో ఉంచెదము గదా యనువారు కలరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలతో పాటు విద్యుత్ స్తంభములును కూలి, పెక్కు గ్రామములు దినముల తరబడి చీకటిలో నుండెను. మీట నొక్కిన గాలి వీచునను నమ్మకముమీద ఒక ప్రాణి బ్రతుకును నిలుపవచ్చునా?

ఇది మా యూహ మాత్రము కాదు. లండనులోని రాయల్ వెటర్నరీ కాలేజివారు బ్రిటనులోని పశువైద్యుల దస్త్రములను పరిశీలించి, తక్కిన కుక్కలకంటె పగ్ కుక్కలకు ఈ ఊపిరి యడ్డంకి వ్యాధి సోకు అవకాశము ఇంచుమించు 54 రెట్లు, నల్లగ్రుడ్డుమీద పుండ్లు పడు అవకాశము 13 రెట్లు అధికమని 2022లో తేల్చిరి. అది చలిదేశము! ఈ మొగము పుట్టుకతో వచ్చిన శాపమును కాదు. విలియం హోగార్త్ అను ఆంగ్ల చిత్రకారుడు 1745లో తన పటములో తన పగ్ కుక్కను గూడ వ్రాసికొనెను. ఆ కుక్కకు మూతి యున్నది, కాళ్లును పొడుగే. తరువాతి మనుష్యులు మూతి పొట్టిదైనకొలది అందమని యెంచి, అట్టివానినే ఏరి యేరి జత కట్టించి నేటి రూపము తెచ్చిరి. ఈ జాతిని యూరపునకు కొనివచ్చినవారు డచ్చి వర్తకులని చెప్పుదురు. ఆ డచ్చిదేశమే మిక్కిలి పొట్టిమూతి కుక్కలను సంతానమునకు వాడరాదని 2019లో కట్టడి చేసినది.

మన తోటలలో కుక్కకు పని కలదు. జీడిపిక్కలు ఏరు కాలమున ఎండలో యజమాని వెంట నడువవలెను. పనసపండ్ల వాసనకు ఎలుగుబంటి వచ్చిన ముందుగా పసిగట్టి మొఱుగవలెను. ఇవన్నియు ఊరకుక్క చేయును. పొడుగుమూతి, పొట్టివెండ్రుకలు, పలుచని మేను, ఈ యుక్కకు తరతరముల అలవాటు, అన్నియు దానికి కలవు. “మాస్టారూ, ఊరకుక్కను పెంచితే అందరూ నవ్వరా?” అని తొమ్మిదవ తరగతి బాలుడొకడు మమ్మడిగెను. నవ్వువారు కొందఱుందురు. ఆ కుక్కకు మెడపట్టెడ కట్టి, స్నానము చేయించి, మూడవ నెలలో పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించి, పిమ్మట ఏటేట వేయించుచుండిన, ఏడాది తిరుగకమునుపే ఆ నవ్వినవారు దాని పిల్లను అడుగుదురని చెప్పితిమి.

ఇప్పటికే యింట నున్న పగ్ కుక్కను వీధిలో విడువుమని మేము చెప్పుట లేదు, అది ఘోరము. దానిని సూర్యోదయమునకు ముందే నడిపింపవలెను. మెడకు పట్టెడ తగిలింపక, ఱొమ్మునకు చుట్టు పట్టీ వాడవలెను. మొగపు ముడుతలను దినదినము పొడిబట్టతో తుడువనిచో ఈ తేమలో చెమ్మ నిలిచి కుళ్లును. కొబ్బరిలౌజు, బిస్కత్తులు పెట్టి లావెక్కింపరాదు. లావెక్కినకొలది ఊపిరి తగ్గును. కంటినుండి నీరు కారినను, కన్ను మూసికొనియే యున్నను ఆ దినముననే వైద్యునికి చూపవలెను. నాలుక నీలివన్నె తిరిగినచో చల్లని నీరు ఒడలంతట పోసి, గాలి విసరుచునే ఆలస్యము లేక పశువుల ఆసుపత్రికి కొనిపోవలెను. స్పృహ తప్పినప్పుడు నోటిలో నీళ్లు పోయరాదు.