ఊగే గుండు... ఆగే లెక్క!

సైన్సు విద్యార్థులకు లఘులోలకం కొత్తేం కాదు. మీటరు దారం, చివర గుండు... ఒకసారి పోయి రావడానికి సుమారు 2 సెకన్లు. మరి ఆ ఊపు ఎలా తగ్గుతుంది? ఇంట్లోనే కొలవచ్చు.

గుండుకి పోస్టుకార్డంత అట్ట అతికించండి. అది గాలికి ఎదురుగా ఉండాలి. దారాన్ని రెండు మేకులకు కడితే గుండు గిరగిరా తిరగదు. కింద స్కేలు పెట్టి, 10 సెంటీమీటర్లు పక్కకు లాగి, నెట్టకుండా వదలండి. ఊపు 5 సెంటీమీటర్లకు తగ్గడానికి ఎంతసేపు పట్టింది? 5 నుంచి రెండున్నరకు? మూడేసిసార్లు చూసి సగటు తీయండి. తర్వాత అట్ట సైజు ఒక్కటే మార్చండి. దారం కూడా మార్చారో... తేడా దేనివల్లో తేలదు.

గాలి నిరోధం వేగానికి అనులోమంగా ఉంటే రెండు సమయాలూ సమానం. పాఠాల్లోని సూత్రం ఈ లెక్క మీదే. కానీ పెద్ద అట్టకు రెండోసారి ఎక్కువసేపు పట్టొచ్చు. అక్కడ నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరగడమే కారణం కావచ్చు. అప్పుడు పాఠంతో కలవాలని అంకెలు దిద్దేస్తే ఇంత శ్రమా వృథా! అమ్మానాన్నలూ, మాస్టార్లూ... దిద్దని అంకెలకే మార్కులేయండి.