తలుపు తట్టే ఆ ఇద్దరు కుర్రాళ్లు

పద్దెనిమిదేళ్లు నిండిన కొడుకును రెండేళ్లపాటు దేవుని పనికి పంపమని ఎవరైనా అడిగితే మన సంఘాల్లో ఎంతమంది తల్లిదండ్రులు సరేనంటారు? జీతం ఉండదు. ఏ దేశం పంపుతారో ముందుగా తెలియదు. ఖర్చు కూడా ఇంటివారే పెట్టుకోవాలి. ‘ముందు చదువు పూర్తి కానివ్వండి, తర్వాత ప్రార్థన చేసి చూద్దాం’ అని మర్యాదగా తప్పుకునేవారే మనలో ఎక్కువ. అయితే ఇలాంటి పిలుపును మామూలు విషయంగా తీసుకునే ఒక సమాజం ఉంది. తెల్లచొక్కా, టై, ఛాతీమీద పేరున్న నల్లబిళ్లతో ఇద్దరిద్దరుగా ప్రపంచమంతా తిరిగే మోర్మన్ యువకులది ఆ సమాజం.

జోసెఫ్ స్మిత్ 1830లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో దాన్ని స్థాపించాడు. దాని అసలు పేరు కడవరి దిన పరిశుద్ధుల యేసుక్రీస్తు సంఘం. మోర్మన్లనే పేరు వాడొద్దని 2018లో ఆ సంఘపెద్దలు గట్టిగా కోరినా లోకం నోట ఆ పేరే నిలిచిపోయింది. 2024 చివరికి వారి పూర్తికాలపు మిషనరీలు 74 వేలకు పైనే ఉన్నారు. వారిలో అత్యధికులు ఇరవై ఏళ్లు అటూ ఇటూ ఉన్న పిల్లలే. యువకులు రెండేళ్లు, యువతులు ఏడాదిన్నర సేవ చేస్తారు.

ముందుగా ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. వారి బోధకూ మన విశ్వాసానికీ మధ్య ఉన్నది చిన్న తేడా కాదు. త్రిత్వాన్ని మనం నమ్మినట్టు వారు నమ్మరు. తండ్రికి శరీరం ఉందంటారు. బైబిలుతోపాటు మోర్మన్ గ్రంథాన్ని, మరో రెండు పుస్తకాలను లేఖనాలుగా ఎంచుతారు. అందుకే 2001లో వాటికన్ వారి బాప్తిస్మాన్ని గుర్తించలేమని తేల్చింది. ప్రొటెస్టెంటు సంఘాల్లోనూ అనేకం అదే మాటంటాయి. ఈ విషయంలో రాజీకి తావులేదు. కానీ యేసుప్రభువు ఇశ్రాయేలుకు వెలుపలివాడైన శతాధిపతిలో మంచిని చూసి, దాన్ని తనవారి ముందే మెచ్చుకున్నాడు (మత్తయి 8:10). బోధను ఒప్పుకోకపోయినా క్రమశిక్షణ దగ్గర నేర్చుకోవలసింది నేర్చుకోవచ్చు.

ఆ కుర్రాళ్ల దినచర్య చూడండి. చాలాకాలంగా ఉన్న పద్ధతి ప్రకారం ఉదయం ఆరున్నరకు లేవాలి. ప్రార్థన, అరగంట వ్యాయామం, అల్పాహారం అయ్యాక ఒక గంట ఒంటరిగా లేఖన పఠనం, తర్వాత తోటి మిషనరీతో కలిసి అధ్యయనం, పరాయి దేశమైతే అక్కడి భాష నేర్చుకోవడం. పది గంటలకల్లా వీధిలో ఉండాలి. రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నరకు గది చేరి పదిన్నరకు దీపం ఆర్పాలి. 2017లో ఆయా దేశాలనుబట్టి వేళలు సర్దుకునే వెసులుబాటు ఇచ్చారు గానీ క్రమం మాత్రం అదే. బట్టలు ఉతుక్కోవడానికి, సరుకులు తెచ్చుకోవడానికి వారంలో ఒకరోజు కేటాయిస్తారు. 2019 వరకూ తల్లిదండ్రులతో ఫోనులో మాట్లాడేది ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కూ మాతృదినోత్సవానికీ. ఆ ఏడాది నుంచే వారానికొకసారి మాట్లాడనిస్తున్నారు.

తోటి మిషనరీని ఎంచుకునే హక్కు వారికి లేదు. ఎవరితో జతచేస్తే వారితోనే ఒకే గదిలో ఉండాలి, కలిసి వండుకోవాలి, కలిసి నడవాలి. ఒకరి చూపుమేర దాటి మరొకరు వెళ్లకూడదు. మన ప్రభువు కూడా శిష్యులను ఇద్దరిద్దరుగానే పంపాడు (మార్కు 6:7). నచ్చని మనిషితో నెలల తరబడి సర్దుకుపోవడం, రాత్రి కోపగించుకున్నా పొద్దున్నే అతనితో కలిసి మోకరించడం ఏ బైబిలు కళాశాలా నేర్పలేని పాఠం. పాటల పుస్తకం దగ్గరో, కమిటీ ఎన్నిక దగ్గరో మాట పట్టింపులొచ్చి రెండుగా చీలిపోయే మన సంఘాలకు ఈ పాఠం అవసరం లేదంటారా?

ఈ సేవ అందరికీ సులువుగా సాగిపోతుందనుకోవద్దు. 1995 నుంచి 2008 వరకూ ఆ సంఘానికి అధ్యక్షుడుగా ఉన్న గార్డన్ హింక్లీ అనుభవమే తీసుకోండి. ఆర్థికమాంద్యం ముదిరిన 1933లో ఆయన ఇంగ్లండుకు మిషనరీగా వెళ్లాడు. అంతకు మూడేళ్ల ముందే చనిపోయిన తల్లి, సరుకులు కొనగా మిగిలిన చిల్లరను పిల్లల మిషనరీ సేవకోసం కూడబెట్టి ఉంచింది. ఆ డబ్బు ఆయన ఖర్చులకు అక్కరకొచ్చింది. తీరా ప్రెస్టన్ పట్టణం చేరాక ఒంట్లో బాగాలేదు, మాట వినేవాడు లేడు. తన కాలం, తండ్రి డబ్బు రెండూ వృథా అవుతున్నాయని ఇంటికి ఉత్తరం రాశాడు. తండ్రి నుంచి వచ్చిన జవాబు చాలా చిన్నది. నిన్ను నువ్వు మరచిపోయి పనిలో దిగు అన్నదే దాని సారాంశం. తన ప్రాణాన్ని దక్కించుకోవాలనుకునేవాడు పోగొట్టుకుంటాడన్న ప్రభువు మాటను (మార్కు 8:35) ఆ ఉదయమే చదివిన ఆ యువకుడు గదిలో మోకాళ్లూని తన్ను తాను సమర్పించుకున్నాడు. కొడుకు కన్నీళ్లు చూసి టికెట్టు కొని పంపే తండ్రులున్నారు. పనిలో దిగమని చెప్పగల తండ్రులు అరుదు.

2012లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీచేసిన మిట్ రోమ్నీ కూడా 1966లో, పంతొమ్మిదేళ్ల వయసులో, ఫ్రాన్సుకు మిషనరీగా వెళ్లినవాడే. ద్రాక్షారసం భోజనంలో భాగమైన దేశంలో మద్యం ముట్టకూడదని బోధించే పని అది. రోజంతా తిరిగినా తెరుచుకునే తలుపులకన్నా మూసుకునేవే ఎక్కువ. 1968లో ఆయన నడుపుతున్న కారును ఎదురుగా వచ్చిన మరో కారు ఢీకొంటే, పోలీసులు మొదట ఆయన చనిపోయాడనే అనుకున్నారు. కోలుకున్నాక మళ్లీ పనిలోకే వెళ్లాడు. తిరస్కారాన్ని తట్టుకునే గుండె చిన్న వయసులోనే తయారవుతుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

అయితే ఈ వ్యవస్థలో చీకటి కోణాలూ ఉన్నాయి. అనారోగ్యంతోనో, మనోవేదనతోనో గడువుకు ముందే తిరిగొచ్చిన పిల్లలు సొంత ఊళ్లో తలెత్తుకోలేక నలిగిపోతుంటారు. పంఫూలియలో పని విడిచి ఇంటికి తిరిగొచ్చిన మార్కు (అపొ.కా. 13:13) ఆ తర్వాత పరిచర్యకు ప్రయోజనకరమైనవాడని పౌలుచేతనే అనిపించుకున్నాడు (2 తిమోతి 4:11). తిరిగొచ్చినవాడికి తలుపు తెరిచి ఉంచడం ఏ సంఘానికైనా ధర్మం.

లెక్కల మోజు మరో ప్రమాదం. 1960ల తొలినాళ్లలో బ్రిటన్‌లో కొందరు మోర్మన్ మిషనరీలు బేస్‌బాల్ ఆటకని పిల్లలను పోగుచేసి, ఆటలో చేరాలంటే బాప్తిస్మం పొందాలన్నట్టుగా నడిపించారు. అంకెలు పెరిగాయి, విశ్వాసం నిలవలేదు. వారి చరిత్రకారులే దాన్ని తప్పుపట్టారు. ఇక్కడ మన తెలుగునేల చరిత్ర గుర్తుచేసుకోవాలి. 1876-78 నాటి కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని చూపించాడు. బాప్తిస్మం కోరినవారు వేలల్లో ఉన్నా, అన్నం కోసం వచ్చారనే మాట రాకూడదని కరువుకాలమంతా ఆపాడు. ఆ తర్వాతే 1878 జూలై 3న ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. దాతలకు పంపే రిపోర్టులో అంకె పెంచడానికి తొందరపడేవారు ఆ ఆగడాన్ని ధ్యానించాలి.

మోర్మన్లు మనకు దూరపువారేం కాదు. భారతదేశంలో వారి మొదటి స్టేక్, అంటే అనేక స్థానిక సంఘాల సముదాయం, 2012లో ఏర్పడింది హైదరాబాదులోనే. కాబట్టి ఏదో ఒకరోజు ఆ ఇద్దరు మీ తలుపూ తట్టవచ్చు. అప్పుడేం చేయాలి? అబద్ధ బోధకుణ్ణి ఇంట చేర్చుకోవద్దన్న యోహాను హెచ్చరికను (2 యోహాను 10) చూపి మొహంమీదే తలుపు వేసేవారున్నారు. బోధకు వేదిక ఇవ్వొద్దన్నాడే తప్ప ఎండలో వచ్చినవాడికి మంచినీళ్లివ్వొద్దని యోహాను అనలేదు. వారు టీ, కాఫీ తాగరు, నీళ్లే ఇవ్వండి. మన నిరీక్షణకు హేతువు అడిగేవారికి సాత్వికంతో జవాబివ్వమన్నాడు పేతురు (1 పేతురు 3:15). ఆ జవాబు మన పిల్లల దగ్గర ఉందా అన్నదే అసలు భయం. పంతొమ్మిదేళ్ల మోర్మన్ కుర్రాడు రోజూ రెండు గంటలు తన గ్రంథాలు చదివి వస్తుంటే, ఆదివారం తప్ప బైబిలు తెరవని మనవాడు అతనితో ఎంతసేపు మాట్లాడగలడు?

మన పిల్లలూ విదేశాలకు వెళ్తున్నారు. వీసా రాగానే సాక్ష్యం చెప్పిస్తాం, స్తుతికూడిక పెడతాం. అక్కడ ఏ సంఘంలో చేరతావు, ఎవరికి సాక్షిగా ఉంటావు అని మాత్రం అడగం. రెండేళ్లు అడగలేకపోతే కనీసం రెండు నెలలు అడుగుదాం. ప్రతి సంఘమూ ఒక వేసవిలో ఇద్దరు యువకులను, తల్లిదండ్రుల ఖర్చుతోనే, ఏజెన్సీ గ్రామానికో, కాపరి లేని పల్లె సంఘానికో పంపాలి. అక్కడివారి భాష నాలుగు మాటలైనా నేర్చుకోమనాలి. పొద్దున్నే వాక్యం చదవాలి, పగలు పిల్లలకు పాఠం చెప్పాలి, రోగులను చూడాలి, రాత్రి లెక్క రాయాలి. సత్యం మన దగ్గర ఉందని నమ్మేవాళ్లం ఆ సత్యంకోసం మన పిల్లల జీవితంలో ఒక్క వేసవి ఇవ్వలేమా? వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఈ ప్రశ్నను మీ సంఘంలో అడగండి. ముందు మీ ఇంట్లో అడగండి.